సరస్సుకు గంట దూరంలో

జనం కొండలెక్కడం మానేసి పాతికేళ్లయింది. అద్దె కోటు తొడుక్కుని ఇంట్లో కూర్చుంటే చాలు, అక్కడ నడిచే గైడు ఒంటికి తెలిసినదంతా ఇక్కడ మన ఒంటికీ తెలుస్తుంది. బొబ్బిలిలో కాన్పుల నర్సుగా పనిచేసి రిటైరైన సన్యాసమ్మ, మూడు రోజులుగా అలాగే గైడు బసంతితో హిమాలయాల్లో తిరుగుతోంది. గుడి మెట్ల చల్లదనం ఆమె అరికాళ్లకు తగిలింది. అభయారణ్యంలో కస్తూరి మృగం కనబడగానే ఇద్దరి గుండెలూ ఒక్కసారే ఝల్లుమన్నాయి. ఇక మిగిలింది సరస్సు. ఆమె బతుకంతా చూడాలనుకున్నది దాన్నే.

ఆ ఉదయం, సరస్సుకు ఎక్కే దారిలో, టీ కొట్టు నుంచి వచ్చిన నెయ్యి వాసనకు సన్యాసమ్మకు కడుపులో తిప్పింది. రొమ్ములు సలిపాయి. వందలమంది ఆడవాళ్లు ఆమెకు చెప్పుకున్న గుర్తులవి. తన ఒంటికి మాత్రం ఎన్నడూ తెలియనివి.

“ఏటే బసంతీ, నెల తప్పి ఎన్నాళ్లయింది?”

బసంతి ఆగిపోయింది. ఆమె జవాబును కోటు తెలుగులో వినిపించింది. “ఎత్తుకి అలాగే ఉంటుందమ్మా. ఇంకో గంటలో సరస్సు.”

“ఎత్తు సంగతి నాకు తెల్దు. ఇది తెలుసు. ఇంకెక్కకు తల్లీ, దిగిపో.”

“మళ్లీ మీ వంతు రావాలంటే ఆరేళ్లు పడుతుంది.”

సన్యాసమ్మకు డెబ్బయ్యెనిమిది. “నీళ్లెక్కడికి పోతాయిలే,” అంది.

బసంతి వెనక్కి తిరిగింది. నాలుగడుగులు దిగాక, నెమ్మదిగా అరచేతిని పొట్టకు ఆనించుకుంది. బొబ్బిలిలో సన్యాసమ్మ కడుపు మీద ఆ వెచ్చదనం వాలింది. జారిపోతుందేమోనన్నట్టు, ఆమె దానిమీద తన చెయ్యి వేసుకుంది.