మధ్యాహ్నం పూట ఆకాశం

ఒక పెద్ద సరస్సులో గూడబాతులు వరసకట్టి ఈదుతూ, చేపల్ని ఒడ్డువైపు తరిమి పట్టుకునేవి. ఈరన్న అనే గూడబాతు మాత్రం ఎండ ముదిరి గాలి వేడెక్కగానే వరస వదిలేసి పైకి ఎగిరిపోయేది.

ఒకరోజు మేస్త్రీ గూడబాతు దాన్ని ఆపింది.

"ఒరే ఈరన్నా, రేపట్నుంచి వరసని నడిపేది నువ్వే. కానీ పొద్దుగూకేదాకా కదలకూడదు. కాదన్నావో, జన్మంతా వరస చివరే!"

"చివరే ఉంటాలెండి మేస్త్రీ. పొద్దున్న నా పని ఎప్పుడైనా ఎగ్గొట్టానా?"

"లేదనుకో. అసలు ఏముందిరా పైన? చేపలున్నాయా?"

"ఒక్కటి కూడా లేదు. మీరే వచ్చి చూడండి."

మేస్త్రీ తిట్టుకుంటూనే వెంట ఎగిరింది. వేడిగాలి రెక్కల కిందకి చేరింది. రెక్క ఆడించకుండానే రెండూ గుండ్రంగా తిరుగుతూ పైపైకి లేచాయి. మేస్త్రీ కిందకి చూసింది. పుట్టినప్పట్నుంచీ తను ఈదుతున్న సరస్సు నీటిబొట్టంత కనిపించింది. దాని అవతల ఇంకో సరస్సు, దాని అవతల ఇంకోటి, ఆ చివర ఆకాశంలో కలిసిపోయిన సముద్రం.



"ఇవన్నీ ఎప్పట్నుంచి ఉన్నాయిరా?"

"రోజూ ఉంటాయి మేస్త్రీ."

కింద వరస మేస్త్రీ కోసం ఎదురుచూస్తోంది. మేస్త్రీ ఇంకో చుట్టు తిరిగింది.