కనపడని చిలక

"వీటికింకా అచ్చెయ్యలేదా పాపా?"

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో పక్కసీటు పెద్దాయన అడిగిన మాటకు చెంచులక్ష్మికి ఒళ్లు మండింది.

ఆమె ఒళ్లో పరుచుకున్నవి వారమంతా కూర్చుని చేసిన గ్రీటింగు కార్డులు. అట్ట కత్తిరించి, చెక్క అచ్చుకు రంగు అద్ది, ఒక్కోటీ చేత్తో వేసినవి.

ఆళ్లగడ్డలో బట్టల కొట్టు విశ్వేశ్వరయ్య ఈ ఉగాదికి కొట్టుకొచ్చేవాళ్లందరికీ కార్డులు పంచాలనుకున్నాడు. వాట్సాప్‌లో పంపితే వేలితో తోసేస్తారు, చేతికిస్తే బీరువాకు అంటించుకుంటారని ఆయన లెక్క.

రంగుల జత ఆయనకు నచ్చితే ఆర్డరు చెంచులక్ష్మిదే. నచ్చకపోతే అచ్చులు అటకెక్కించి బ్యాంకు కోచింగులో చేరతానని నాయనకు మాటిచ్చి మరీ బయల్దేరింది. బ్యాంకు పేరెత్తితేనే ఆమెకు ఆవలింతలొస్తాయి.

"కండ్లు యాడ పెట్టుకున్నావన్నా? ఎర్ర అట్ట మింద పచ్చ చిలక. కనపడ్లేదా?"

ఆయన కార్డును అటూ ఇటూ తిప్పాడు. కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు.

"యాడుంది చిలక?"

"ఎగిరిపాయ!"

వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనా నవ్వాడు, కొంచెం మొహమాటంగా.

ఎరుపూ పచ్చా కలిస్తే పెళ్లికళ అని చెంచులక్ష్మి నమ్మకం. అందుకే కట్టలో ముప్పాతిక వంతు ఆ జతే.

నవ్వి ఊరుకున్నాడా అంటే అదీ లేదు. కట్ట అడుగున చెయ్యి పెట్టి ఒక కార్డు లాగాడు. ముదురు నీలం మీద తెల్లటి వేపపూత.

"ఇది సూడు, ఎంత బాగుందో! బస్సు దిగినా కనపడతాది."

"అది మిగిలిన అట్ట పారెయ్యలేక చేసినాలే. రంగుల సంగతి నీకేం తెల్సన్నా? ఇట్లియ్యి."

"నాకు కనపడింది చెప్పినా పాపా. ఏమనుకోవాకు."

శిరివెళ్లలో దిగిపోయాడు. పీడా వదిలిందనుకుంది చెంచులక్ష్మి.

విశ్వేశ్వరయ్యకొక అలవాటుంది. కొత్త చీర వస్తే గుమ్మానికి తగిలించి, రోడ్డుకు అవతల నిలబడి చూస్తాడు. దారిన పోయేవాళ్లను ఆపలేని రంగు కొట్టుకు దండగ అంటాడు.

కార్డులకూ అదే పరీక్ష పెట్టాడు. వాటిని తాడుకు క్లిప్పులతో వేలాడదీసి, పంచె పైకెత్తి పట్టుకుని, ఆటోలను తప్పించుకుంటూ రోడ్డు దాటాడు. చెంచులక్ష్మి వెనకాలే పరుగెత్తింది.

"ఏందమ్మా, ఉత్త ఎర్ర అట్టలు తెచ్చినావే? బొమ్మలు యాడ?"

చెంచులక్ష్మి కూడా తిరిగి చూసింది.

దగ్గర్నుంచి అంత ముచ్చటైన చిలక ఇక్కణ్ణుంచి అట్టలో కలిసిపోయింది. ఎంత ముదురు ఎరుపో అంత ముదురు పచ్చ. రెండింట్లో ఏదీ తేలలేదు.

కోచింగు ఖాయమనుకుని తల దించుకుంది.

"ఆ చివరిది మాత్రం భలే ఉందే! నీలం మింద తెలుపు. అదే వెయ్యి. తొందరగా ఇచ్చెయ్యాల, పండగ దగ్గరికొచ్చె."

చెంచులక్ష్మికి నడిరోడ్డు మీదే గంతెయ్యాలనిపించింది. నాయనకు ఫోన్ చేసి "కోచింగూ లేదు, గీచింగూ లేదు!" అని అరిచింది.

అరిచాక బస్సులో మనిషి గుర్తొచ్చాడు. నోటికొచ్చినట్టు అన్నందుకు సిగ్గేసింది.

రోడ్డు దాటకుండానే అంత పసిగట్టాడంటే ఎంత చెయ్యి తిరిగిన చిత్రకారుడో! బతిమాలైనా సరే, ఇకముందు వేసే ప్రతి కార్డుకూ ఆయన చేతే రంగులు ఎంపిక చేయించుకోవాలనుకుంది.

తిరుగు బస్సులోనూ పొద్దున వచ్చిన కండక్టరే, మేరీ.

"అక్కా, పొద్దున నా పక్కన కూచోని శిరివెళ్లలో దిగినాయన ఎవురు? బొమ్మలేసే మాస్టరా?"

మేరీ టికెట్టు మిషను పక్కన పెట్టి పకపకా నవ్వింది.

"మా వీధి ప్రభుదాసన్న. ఆయప్ప మాస్టరేంది? రైలు డ్రైవరు ఉద్యోగం చేతిదాకా వచ్చి కండ్ల పరీక్షలో పాయ. పుట్టినకాడ్నుంచీ ఆయప్పకు ఎరుపేదో పచ్చేదో తెలీదు."