సోమవారం నుంచా? శుక్రవారం నుంచా?

“మూడేళ్ళ శిక్ష పడితే నాలుగు రోజులు కొట్టెయ్యమని అడుగుతారా? ఇల్లు కాలి నేనేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టుంది మీ వరస.”

వెల్డర్ భార్య కోర్టు వరండాలోనే లాయరమ్మ మీద విరుచుకుపడింది.

“నా మొగుడు దొంగ కాదని చెప్పండి. ముందు అది చెప్పండి.”

“కింది కోర్టులో నువ్వు చెప్పావుగా. విన్నారా?”

“పెళ్ళాం మాట పెళ్ళాం మాటేనని తోసేశారు.”

“అందుకే నోరు మూసుకుని కూర్చో. లోపల గొంతెత్తావంటే ఈ ఫైలు నీ ఒళ్ళో పడేసి పోతాను.”

ఇన్‌స్పెక్టర్ బూట్లు టకటకలాడించుకుంటూ వాళ్ళ పక్కనుంచే వెళ్ళాడు. “ఏమ్మా, మీ ఆయన లోపల ఒళ్ళు చేశాడంట? ఇంటి తిండి కన్నా అదే పడినట్టుంది.”

ఆమె పళ్ళు కొరుక్కుంటూ కోర్టు హాల్లోకి వెళ్ళి చివరి బెంచీ మీద కూలబడింది. లాయరమ్మని తిడుతోందో, ఇన్‌స్పెక్టర్‌ని తిడుతోందో, పెదవులు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

బంగారం కొట్టు షట్టర్‌ని గ్యాస్ కట్టర్‌తో కోసి దోచుకున్నాడని వెల్డర్ మీద కేసు. తీర్పుకు ముందు లోపల గడిపిన కాలాన్ని శిక్షలోంచి తీసేశారు గానీ, అరెస్టు చూపించిన శుక్రవారం నుంచే లెక్కగట్టారు. సోమవారమే పట్టుకెళ్ళారని లాయరమ్మ వాదన. అప్పీల్లో మిగతా సంగతులన్నీ పక్కనపెట్టి ముందు దీన్నే పట్టుకుంది.

“శుక్రవారం పొద్దున పట్టుకున్నాం సార్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “అంతకు ముందు వీడి మొహం కూడా ఎరగం.”

“మరి సోమవారం సాయంత్రం నడివీధిలో చొక్కా పట్టుకుని జీపులోకి తోసింది ఎవర్ని? టీ కొట్టు దగ్గరున్న వాళ్ళంతా చూశారు. పిలిపించమంటారా?”

ఇన్‌స్పెక్టర్ మెడ బిగిసింది. ప్రభుత్వ లాయరు గబుక్కున లేచాడు. “ఏదో విచారణకి పిలిచి ఉంటారు సార్. రాత్రిళ్ళు ఇంటికెళ్ళి పడుకునే ఉంటాడు. ఇంట్లో నిద్రపోయినదాన్ని జైలు కింద ఎలా జమకడతాం?”

“అలా చెప్పండి,” అంది లాయరమ్మ. “ఇన్‌స్పెక్టర్‌గారిది స్టేషన్ కాదు, సత్రం. వచ్చేవాడు వస్తాడు, పోయేవాడు పోతాడు. పాపం, ఆయన మాట ఎవడు వింటాడు?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టర్ మొహం కందగడ్డయింది.

జడ్జి గోడ గడియారం చూసి విసుక్కున్నాడు. “గోటితో పోయేదానికి గొడ్డలెందుకయ్యా? ఉంచితే ఉంచామను, లేకపోతే లేదను.”

“ఉంచాం సార్.” ప్రభుత్వ లాయరు చొక్కా చెయ్యి పట్టుకుని లాగుతున్నా ఇన్‌స్పెక్టర్ ఆగలేదు. “నలుగురిలో నాకే ఎదురు మాట్లాడాడు. కొవ్వు దించొద్దా? సోమవారం సాయంత్రం నుంచి శుక్రవారం పొద్దుటిదాకా కిటికీ ఊచకి బేడీ వేసి కూర్చోబెట్టాం. నా స్టేషన్‌లో అడుగుపెట్టినవాడు నేను పొమ్మనందే గడప దాటడు.”

“మధ్యలో ఒక్క రాత్రయినా వదిలి ఉంటారు లెండి,” అంది లాయరమ్మ.

“వదల్లేదంటుంటే వినబడట్లేదా? కంటిమీద కునుకు కూడా పడనివ్వలేదు.”

బోనులో వెల్డర్ తలవంచుకుని మణికట్టు రుద్దుకున్నాడు. చివరి బెంచీ మీద అతని భార్య గొణుగుడు ఎప్పుడాగిపోయిందో ఎవరూ గమనించలేదు.

జడ్జి చెబుతుంటే టైపిస్టు టకటకా కొట్టింది. సోమవారం సాయంత్రం నుంచి ముద్దాయి ఎడతెగకుండా పోలీసుల అదుపులోనే ఉన్నాడు. ఆ మేరకు శిక్ష తగ్గించాలి.

ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకున్నాడు. “తీసుకోండి, మీ నాలుగు రోజుల ముష్టి,” అన్నాడు, లాయరమ్మకి మాత్రమే వినపడేలా.

“ఇంకేమైనా ఉందా?” అన్నాడు జడ్జి.

“ఒక్క మాటే సార్,” అంది లాయరమ్మ, “బంగారం కొట్టు షట్టర్ తెగింది ఆ గురువారం రాత్రి.”