గాలికెదురు

దేశాలు యుద్ధాలు మానేసి, సముద్రం మీది తగాదాలన్నీ తెర మీద ఆటలోనే తేల్చుకుంటున్న రోజులవి. లాటరీలో పేరొచ్చిన మనిషే సేనాని. పసిఫిక్‌లో ట్యూనా వేట ఎవరిదో తేల్చే ఆటకి, ఆ ఏడు విశాఖ తీరంలో చేపలు ఎండబెట్టుకునే మాసేనమ్మ పేరొచ్చింది.

మూడో రోజుకి ఆమె చేతిలో మిగిలింది ఒకే ఒక్క జలాంతర్గామి. అవతల ఎనభై విమానాలు మోసే కొండంత నౌక.

"ఎంటబడు అత్తా, పారిపోతంది," అంది కోడలు కాసులమ్మ.

"దాని పరుగు మనమందుకోలేం. అదే వొస్తాది," అంటూ మాసేనమ్మ ఇసుక మీద నెత్తళ్ల చేపలు ఆరబోస్తూనే ఉంది. పక్కన పెట్టుకున్న తెర మీద, ఆటలో గాలి ఈశాన్యం నుంచి మొదలవగానే, ఉప్పు చేతులతోనే జలాంతర్గామిని నౌకకి ఈశాన్యంగా పంపి ఇంజను ఆపించింది.

"అక్కడేటున్నాది అత్తా?"

"నా నెత్తళ్లు ఎత్తుకుపోయే కాకి గాలికెదురే లెగుస్తాది. ఇమానాలు లెగాలన్నా ఆ ఓడ గాలికెదురే రావాల."

విమానాలు లేపడానికి నౌక ఈశాన్యానికి తిరిగింది. తిన్నగా జలాంతర్గామి ముందుకే వచ్చింది. మాసేనమ్మ మీట నొక్కింది. కొండంత నౌక మునిగిపోయింది.

పేటంతా డప్పులతో వచ్చి ఆమెను భుజాలకెత్తుకుంది. ఆ సందట్లో ఒక కాకి నెత్తళ్లలో ఒకదాన్ని ముక్కున కరుచుకుని గాలికెదురు లేచింది. మాసేనమ్మ ఈ ఒక్కసారికి దాన్ని అదిలించలేదు.