పద్నాలుగో రంధ్రం

1908 జనవరి. పారిస్ శివారు ప్యుతోలోని ఆ ఇంట్లో ఆ ఉదయం నలుగురున్నారు: కార్ల మెకానిక్ ఆన్సెల్మ్, అతని భార్య ఒదిల్, ఆమె చెల్లెలు క్లోతిల్డ్, పనివాడు బాతిస్త్.

ఆన్సెల్మ్ పెళ్ళినాటి నల్ల కోటు వేసుకున్నాడు. మధ్యాహ్నంలోగా పారిస్ వెళ్ళి, తను కనిపెట్టిన పరికరం పేటెంటుకు డ్రాయింగులు ఇవ్వాలి. ఒకసారి ఇచ్చాక గీత కూడా మార్చడానికి లేదు. పక్క వీధిలో ఇంకెవడో ఇలాంటిదే చేస్తున్నాడని వినికిడి.

నిరుడు అతని కారు గోతిలో పడి ఒదిల్ నడుం దెబ్బతింది. అప్పటినుంచి ఆమె నడవలేదు. చిన్న కుదుపుకే విలవిల్లాడేది.

అందుకే అతను చక్రాల దగ్గర ఇత్తడి డబ్బాలు బిగించాడు. లోపల చమురు. చక్రం ఎగిరినప్పుడు చమురు సన్నని రంధ్రంలోంచి నెమ్మదిగా జారి కుదుపును మింగెయ్యాలి. ఆ రంధ్రం ఎంత ఉండాలన్నదే చిక్కు. పదమూడు కొలతలు చూశాడు. ప్రతిసారీ ఒదిల్‌ను వెనక సీట్లో కూర్చోబెట్టి రాళ్ళ వీధిలో తిప్పాడు. పదమూడుసార్లూ ఆమె ఏడ్చింది.

శనివారం పద్నాలుగోది బిగించాడు. ఆమె ఏడవలేదు.

"ఇంకో వారం ఆగుదాం మేస్త్రీ," అన్నాడు బాతిస్త్. "గిన్నెడు పాలు ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చున్నాను కదా. పదమూడోదానికి ఎన్ని ఒలికాయో దీనికీ అన్నే. నా పాంటు ఇంకా కంపు కొడుతోంది."

"పాలకి నడుముందా? అది నొప్పి పెడుతుందా?" ఆన్సెల్మ్ నవ్వాడు. "ఒదిల్, నువ్వే చెప్పు వీడికి."

"నిజం బాతిస్త్. వెన్న మీద వెళ్ళినట్టుంది."

"అమ్మగారు మీ మీద జాలితో అంటున్నారేమో."

"పదమూడుసార్లు రాని జాలి ఇప్పుడొచ్చిందా?" అన్నాడు ఆన్సెల్మ్.

క్లోతిల్డ్ పొయ్యిలోంచి వేడి ఇటుకను మందపాటి గుడ్డతో పట్టుకొచ్చి అక్క పాదాల కింద పెట్టింది.

"మరీ కాలుతోందా అక్కా?"

"లేదే. బాగుంది."

ఆన్సెల్మ్ డ్రాయింగులు చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఇవి ఇచ్చేసి అటునుంచి అటే దియెప్ వెళ్దాం. మీ అమ్మని చూసి ఏడాదైంది. నూటడెబ్భై కిలోమీటర్లు, ఒక్క రాయి కూడా తగలదు నీకు."

ఒదిల్ కళ్ళు తుడుచుకుంది.

ఆన్సెల్మ్ ఆమెను ఎత్తుకెళ్ళి సీట్లో కూర్చోబెట్టాడు. పొడవాటి గౌను సర్ది, మోకాళ్ళ మీద దుప్పటి కప్పాడు. తలుపు వేశాడు. పడలేదు.

గౌను అంచు అడ్డుపడిందనుకుని అతను భుజంతో గట్టిగా నెట్టి మూశాడు. తలుపు సందులో ఒదిల్ చీలమండ నలిగిపోయింది, ఆమెకు మాత్రం అది తెలియనే లేదు; నవ్వు చెదరకుండా, "ఇక బయల్దేరు ఆన్సెల్మ్, ఆలస్యమవుతోంది," అంది.