వదులు మూతలు

పిడికిలి బలం కొలిచే మిషన్‌ని కూతురు ఎంత నొక్కినా ముల్లు కదల్లేదు.

"బద్ధకం కాదమ్మా. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి కండరాల్లో శక్తి సరిగ్గా తయారవదు," అంది డాక్టరమ్మ.

తల్లికి ఒళ్ళు మండింది. "మీ మిషనే పాడై ఉంటుంది! ఇంట్లో డబ్బాల మూతలన్నీ మా అమ్మాయే తీస్తుంది. తీసినప్పుడల్లా నేను చప్పట్లు కొడతాను, తెలుసా?"

ఆ మూతలు ముందే తాను వదులు చేసి పెడుతున్న సంగతి మాత్రం మింగేసింది.

బయట మెట్ల మీద ఆయాసంతో కూలబడింది ముప్పై ఏళ్ళ కూతురు.

"అమ్మా, ఇకనుంచి మూతలు గట్టిగా బిగించెయ్. చక్కెరకి చీమలు పడుతున్నాయి."

తల్లి పక్కనే కూర్చుని ఆమె వీపు నిమిరింది.

"ఆ చప్పట్లు కూడా వద్దమ్మా. కొట్టినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది."