జుమ్మా నాటి చారాణా

అమీర్‌పేటలో స్కూటర్లు బాగుచేసుకునే రేకుల షెడ్డుకి, నవాబుల కాలం నాటి రెండు సీట్ల రేసు కారు రావడమంటే మాటలా!

ఆదివారం పందెం. బండి గెలిస్తే మెకానిక్ నర్సింహులు పేరు ఊరంతా మోగుతుంది. చెడితే షెడ్డుకు తాళమే.

"జహూర్ ఉస్తాద్‌కు నెల సంది కబురు పంపుతున్న సార్. గీ ఇంజిను గుణం ఆయనకే ఎరుక. మనిషిని సుత చూడలే ఇప్పటిదాంక," అన్నాడు నర్సింహులు.

"పని మానేసిన ముసలాయన ఇంకేం వస్తాడయ్యా? నువ్వే బిగించెయ్," అన్నాడు కారు యజమాని కామరాజు.

బిగించాల్సింది బొంబాయి నుంచి తెప్పించిన కొత్త గాలి ఫిల్టరు. నర్సింహులు పాత డబ్బా పీకేసి, కొత్తదాని గాలి గొట్టాన్ని బంపరు వెనక కిందికి దించాడు. చల్లగాలి పీలిస్తే బండి గుర్రంలా ఉరుకుతుందట.

ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం తెల్లగడ్డం ముసలాయన ఒకరు వచ్చి షెడ్డు ముందు నిలబడ్డాడు. మాసిన లాల్చీ, భుజాన బరువైన సంచీ.

జుమ్మా నాడు ఫకీరును ఉత్త చేతులతో పంపకూడదని నర్సింహులు పట్టింపు. మొహమైనా చూడకుండా ఆయన అరచేతిలో చారాణా పెట్టాడు.

ముసలాయన చేతిలోని నాణేన్ని కాసేపు చూశాడు. తర్వాత బండిని చూశాడు.

"బేటా, గొట్టం గంత కిందికి పెట్టకు. వానొస్తే నీళ్లు గుంజుతది. నేను..."

"దువా చేసి పో బాబా. జర పనిల ఉన్న."

ముసలాయన వెళ్లిపోయాడు.

శనివారం బండిని పరీక్షకు తీశారు. పంజాగుట్ట చేరేసరికి వాన దంచికొట్టింది. మోకాటి లోతు నీళ్లలో బండి ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. గొట్టం కడుపునిండా నీళ్లు తాగింది. ఇంజిన్లో రాడ్లు వంగిపోయాయి.

ఆదివారం పందెం ఆ బండి లేకుండానే అయిపోయింది.

చూసిన మెకానిక్కులంతా పెదవి విరిచారు. జహూర్ ఉస్తాద్ తప్ప ఎవరివల్లా కాదన్నారు. కామరాజు తిట్టనైనా లేదు, బండి పక్కన కూలబడ్డాడు. అయ్యో, తిట్టినా బాగుండేదనిపించింది నర్సింహులుకు.

మళ్లీ శుక్రవారం నాటికి ఉస్తాద్ ఇల్లెక్కడో కనుక్కుని బల్కంపేట పోయాడు. ఉస్తాద్ కూతురు ఫరీదా తలుపు తీసింది.

"అమీర్‌పేట నర్సింహులును చెల్లె. ఉస్తాద్ ఉన్నడా?"

"అబ్బా పొద్దుగాలనే బీదర్ పోయిండు అన్నా, అక్క దగ్గరికి. ఇగ రాడు."

"నీ కాళ్లు మొక్కుత. బీదర్ పోయి నేనే తోలుకొస్త. ఒక్కసారి ఇంజిను ఇప్పితే చాలు!"

"దేంతోని ఇప్పుతడు? పానాలు, సుత్తెలు అన్నీ నిన్న జుమేరాత్ బజార్ల అమ్మేసిండు."

"గట్లెందుకు చేసిండమ్మా?"

"ఏమో అన్నా, చెప్పలే." ఫరీదా గూట్లోంచి ఒక నాణెం తీసి చూపించింది. "పోయిన జుమ్మాకు నువ్వు పిలిచినవని పానాల సంచీ భుజానేసుకొని పోయిండు, గీ చారాణా పట్టుకొని వాపసొచ్చిండు."